తక్కువ ఖర్చులో పాట తీస్తే, ఆ ఖర్చు ఎవరిది?

(విద్యార్థినుల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



విద్యార్థులు తక్కువ డబ్బుతో ఒక పాటను వీడియోగా ఎలా తీయవచ్చో చెప్పమని నన్ను పిలిచారు. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునే దాన్ని. కెమెరా గురించి నాకు తెలిసిందంతా పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నదే. అయినా ఒప్పుకున్నాను. ఈ మధ్య ఏ మహిళా సభకు వెళ్లినా చివర్లో ఎవరో ఒకరు లేచి “మనం కూడా ఒక పాట తీసి పెడదాం” అంటున్నారు. ఒకప్పుడు మన పాట కరపత్రంతో పాటు చేతి నుంచి చేతికి వెళ్లింది. తర్వాత క్యాసెట్‌లో వెళ్లింది. ఇప్పుడు ఫోన్లో వెళ్తోంది. దారి మారినప్పుడు ఆ దారిలో ఉండే ముళ్లు కూడా మారతాయి. వాటి గురించే ఎక్కువ మాట్లాడతాను. కెమెరా సంగతులు కూడా చెబుతాను, ఎందుకంటే పని రాకపోతే ఆశయం ఒక్కటే బొమ్మను నిలబెట్టదు.

ఆడవాళ్ల హక్కుల కోసం పాటను వీడియోగా తీయడం కొత్త సంగతేం కాదు. 2000 సంవత్సరంలో బ్రేక్‌త్రూ అనే సంస్థ ‘మన్ కే మంజీరే’ అనే హిందీ పాటల ఆల్బమ్ తెచ్చింది. ప్రసూన్ జోషి రాశారు, శంతను మోయిత్రా బాణీ కట్టారు, శుభా ముద్గల్ పాడారు. ఆ వీడియోలో మీతా వశిష్ఠ్ ట్రక్కు నడుపుతూ వెళ్తుంది. ఉపన్యాసం లేదు, నినాదం లేదు. స్టీరింగు మీద ఒక ఆడమనిషి చేతులుంటే చూసేవాళ్లకు విషయం అర్థమైపోయింది. అంత డబ్బు, అంత పేరున్న కళాకారులు మనకు ఉండరు. కానీ ఒక్క బొమ్మతో ఒక్క మాట చెప్పడం అన్న సూత్రం మనకూ పనికొస్తుంది.

మా విద్యార్థులు తీసిన పాటను ఉదాహరణగా పెట్టుకుంటాను. ఆరుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. పాట చివరి బస్సు గురించి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. జీరో టికెట్ చేతికొచ్చాక, ఛార్జీలకు డబ్బులు లేక ఆగిపోయిన ఆడపిల్లలు కొందరు మళ్లీ కాలేజీ మెట్లెక్కారు. అయితే వాళ్ల ఊళ్లకు చివరి బస్సు అయిదుంపావుకు. ప్రాక్టికల్స్ అయ్యేది అయిదున్నరకు. రోజూ పావుగంట ముందు సంచీ సర్దుకుని పరుగెత్తాలి, లేదా చీకట్లో ఇంటికెళ్లి సంజాయిషీ చెప్పుకోవాలి. హాజరు తగ్గితే తప్పు వాళ్లదే అవుతుంది. దీని మీద ఒక అమ్మాయి పాట రాసింది.

తక్కువ అనే మాట

వాళ్ల దగ్గర పోగైన డబ్బు 9,000 రూపాయలు. మనిషికి 500 చొప్పున 4,000, ఒక మహిళా సంఘం ఇచ్చింది 5,000. మొదటి రోజు వాళ్లు రాసుకొచ్చిన లెక్క చూశాను. రికార్డింగుకి, లైట్ల అద్దెకి, కెమెరా అద్దెకి డబ్బు పోను మిగిలిందేమీ లేదు. డప్పు కొట్టే ఇద్దరి పేరు ఎదురుగా “మన ఊరోళ్లే” అని రాశారు. బాణీ నేర్పిన పెద్దమ్మ పేరు ఎదురుగా సున్న. తిండి ఎదురుగా “అమ్మాయిలు ఇంటి నుంచి తెస్తారు”.

ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నాం. పన్నెండు మందికి రెండు రోజుల తిండి ఇంటి నుంచి వస్తుందంటే, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎవరు వండుతారు? అమ్మలు. ఆ అమ్మకు ఆ రోజు కూలికి వెళ్లే పని కూడా ఉంటుంది. డప్పు కళాకారులు మన ఊరివాళ్లే కాబట్టి డబ్బు అడగరు. తరతరాలుగా చావుకీ జాతరకీ వాళ్లు వచ్చి కొట్టాలన్నదే ఊరి కట్టుబాటు అయినప్పుడు, ఆ అడగకపోవడాన్ని అభిమానం అనుకోవడం మనకు సుఖంగా ఉంటుంది. కెమెరాకి అద్దె కట్టకపోతే ఇవ్వరు కాబట్టి కడతాం. మనుషులు కట్టకపోయినా వస్తారు కాబట్టి కట్టం. తక్కువ ఖర్చు అని మనం గర్వంగా చెప్పుకునే పనుల్లో సగం ఇలాగే తక్కువ అవుతాయి. ఇంటి పనికి లెక్క కట్టమని మనమే సభల్లో అడుగుతాం. మన సొంత లెక్కల పుస్తకంలో మాత్రం ఆ వరుస ఖాళీగా ఉంటుంది.

రెండో లెక్క ఇలా వచ్చింది. రెండు గంటల రికార్డింగుకి 2,500. డప్పు కళాకారులు ఇద్దరికి 2,000. పెద్దమ్మకు 1,000. తిండికి 1,800. అబ్బాయిల టికెట్లు, సామాను ఆటో కలిపి 600. థర్మాకోల్ షీట్లు, తెల్లగుడ్డ, టేపు, తాడు 400. పెన్‌డ్రైవ్‌లు రెండు 400. చేతిలో అట్టిపెట్టుకున్నది 300. మొత్తం 9,000. కెమెరా అద్దె, లైట్ల అద్దె ఎగిరిపోయాయి. ఒకరి ఫోన్లో కెమెరా మంచిది. లైటు సూర్యుడిచ్చాడు. మనుషుల వరస నిండాలంటే యంత్రాల వరస ఖాళీ కావాల్సి వచ్చింది. ఏ చిన్న బడ్జెట్ అయినా రాసేటప్పుడు ముందు మనుషుల పేర్లు రాయండి, తర్వాత వస్తువులు రాయండి. క్రమం మార్చినందువల్లనే లెక్క మారడం మీరే చూస్తారు.

పాట ఎవరిది

మొదట్లో పిల్లలకు ఒక సినిమా పాట బాణీ మీద మాటలు పెడదామని ఉండేది. మన ఉద్యమాల్లో అది మామూలే. కాలేజీ కార్యక్రమంలో విద్యార్థులూ అధ్యాపకులూ తమవాళ్ల ముందు పాట పాడుకుంటే 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. అదే పాటను వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెడితే ఆ మినహాయింపు మనల్ని కాపాడుతుందనుకోవద్దు. యూట్యూబ్ లాంటి చోట్ల బాణీని యంత్రమే గుర్తుపడుతుంది. వీడియో ఆగిపోవచ్చు, లేదా మన పాట మీద వచ్చే ప్రకటనల డబ్బు ఆ బాణీ హక్కుదారుకు వెళ్లవచ్చు. రెండు రోజులు ఎండలో నిలబడి చేసిన పని అలా పోవడం ఎందుకు?

పాత పాట వాడుకోవాలనుకుంటే లెక్క ఇది. మన దేశంలో రచయిత బతికుండగా అచ్చయిన రచన మీద హక్కు ఆయన లేక ఆమె మరణించిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. గురజాడ అప్పారావు 1915లో మరణించారు. గరిమెళ్ల సత్యనారాయణ 1952లో మరణించారు, కాబట్టి ఆ గడువు 2012 చివరితో తీరిపోయింది. వాళ్ల మాటలు ఎవరైనా పాడుకోవచ్చు. కానీ వాళ్ల పాటను ఇంకెవరో బాణీ కట్టి పాడి రికార్డు చేస్తే, ఆ బాణీకి, ఆ రికార్డుకి వేరే హక్కులుంటాయి. 1980లో విడుదలైన క్యాసెట్ రికార్డింగు మీద హక్కు 2040 చివరి దాకా ఉంటుంది. మాట, బాణీ, రికార్డింగు మూడూ మూడు వేర్వేరు ఆస్తులని గుర్తుంచుకుంటే చిక్కు సగం తీరుతుంది.

ఇక జానపదం. “ఇది జానపదం మేడమ్, ఎవరిదీ కాదు” అని నాతో చాలామంది అన్నారు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని సారంగ దరియా పాట చుట్టూ జరిగిన చర్చ మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జానపద గీతాన్ని తాను సేకరించి వెలుగులోకి తెచ్చానని ఒక జానపద గాయని ముందుకొచ్చి చెప్పింది. అందులో ఎవరి వాదన ఎంతవరకు సరైనదన్న తీర్పు ఇవ్వడం నా పని కాదు. నేను చెప్పేది, ‘జానపదం’ అని ఒక్క మాట రాయగానే నాట్లలోనూ కలుపుల్లోనూ ఆ పాటను గొంతులో దాచుకుని మన దాకా తెచ్చిన ఆడవాళ్లంతా మాయమైపోతారు. చట్టం ‘రచయిత ఎవరు’ అని అడుగుతుంది. నాట్లేసే చేతులకు కలం లేదు కాబట్టి చట్టం దగ్గర సమాధానం లేదు. మన దగ్గర ఉండాలి.

మా పిల్లల పాటకు బాణీ ఒక నాట్ల పాట నుంచి వచ్చింది. నేర్పింది ఒక విద్యార్థిని వాళ్ల పెద్దమ్మ. పేరు వేస్తామంటే ఆమె, “నా పేరెందుకు బిడ్డా, పాట అందరిది గదా” అంది. ఆ అమ్మాయి, “పాట అందరిదే పెద్దమ్మా, గొంతు నీది గదా” అంది. పేరు వేశారు. పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు 1994 సవరణతో చట్టంలో హక్కులొచ్చాయి. ఈ పాట పాడింది నేనే అని చెప్పమని అడిగే హక్కు 2012 సవరణతో ఇంకా స్పష్టంగా వచ్చింది. డప్పు కళాకారుల పేర్లు కూడా అందుకే చివర్లో చిన్న అక్షరాల్లో కాకుండా పాడిన అమ్మాయి పేరు పక్కనే అంత సైజులోనే వేశారు.

పాట రాసిన అమ్మాయికి ఇంకో మాట చెప్పాను, మీకూ చెబుతున్నాను. మీ పాట బాగుందని ఏదైనా ఛానెల్ వాళ్లు వచ్చి “మాకిచ్చేయండి” అంటే ఉత్సాహంలో తల ఊపకండి. హక్కు బదిలీ అవ్వాలంటే రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు. ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే ఇచ్చినట్టు. ఇది 19వ సెక్షను. చట్టం ఎప్పుడూ మనవైపు ఉండదు గానీ, ఉన్నచోట తెలుసుకోకపోతే ఎలా?

చూపు ఎవరిది

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. చిరుధాన్యాలు పండించే చేతులతోనే తమ పంటల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. 2008 అక్టోబరులో మాచనూరులో సంఘం రేడియో కూడా మొదలైంది. వాళ్లు కెమెరా కోణాలకు తమ మాటల్లో పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. దొర గద్దె మీద కూర్చుని చూసినట్టు. కింద నుంచి పైకి చూస్తే బానిస షాట్. ఎదురుగా కళ్లలో కళ్లు పెట్టి చూస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు కాబట్టి. సినిమా పాఠశాలలో చాలా పేజీల్లో చెప్పే సంగతిని వాళ్లు మూడు పేర్లలో చెప్పారు. మా పిల్లలు తమ షాట్ల పట్టికలో ఈ పేర్లే రాసుకున్నారు. పెద్దమ్మ పాడే షాట్ ఎదురుగా ‘సంఘం’ అని రాసి, ఆమె గట్టు మీద కూర్చుంటే కెమెరా పట్టిన అమ్మాయి కూడా నేల మీద కూర్చుంది.

మనందరం సినిమా పాటలు చూసి పెరిగాం. మన చేతికి కెమెరా వచ్చినా ఆ చూపే ముందు వస్తుంది. అమ్మాయి నడుస్తుంటే కెమెరా పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ముక్కలు ముక్కలుగా నడుము, మెడ, పెదవులు. 1986లో స్త్రీలను అసభ్యంగా చూపడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది, కానీ ఇలాంటి చూపును చట్టం పట్టలేదు. మనమే పట్టుకోవాలి. పట్టికలో ప్రతి షాట్ ఎదురుగా ‘ఇది ఎందుకు’ అని ఒక గడి పెట్టండి. “అందంగా ఉంటుంది” తప్ప వేరే జవాబు లేకపోతే ఆ షాట్ మీద చర్చ పెట్టండి. మేం అలా తీసేసినవి ఏడు.

కెమెరా ఎవరి చేతిలో ఉంటుందన్నది కూడా చూపు సంగతే. ఎనిమిది మందిలో ఇద్దరే అబ్బాయిలు. అయినా మొదటి మీటింగులో కెమెరా, ఎడిటింగు వాళ్ల పేరు మీదికి వెళ్లాయి. టీలు, బట్టలు, అనుమతి ఉత్తరాలు అమ్మాయిల పేరు మీదికి వచ్చాయి. ఎవరూ కుట్ర చేయలేదు. అలా ‘అలవాటుగా’ జరిగిపోయింది. అమ్మాయిలే ఆ కాగితం చింపి పూట పూటకు పని మారేలా కొత్త పట్టిక వేశారు. అబ్బాయిల్లో ఒకడు టీ పంచుతూ “మేడమ్, పన్నెండు మందికి టీ పెట్టడం ఇంత పనా” అన్నాడు. ఆ పాఠం నేను క్లాసులో చెప్పగలిగేది కాదు.

రెండు రోజుల పని

ఇప్పుడు పని సంగతి. పాట మూడు నిమిషాల పది సెకన్లు. ఒక్కో షాట్ సగటున నాలుగు సెకన్లు అనుకుంటే నలభై ఎనిమిది షాట్లు దాకా కావాలి. రోజుకు ఇరవై నాలుగు. పొద్దున ఏడు నుంచి పది, సాయంత్రం మూడున్నర నుంచి అయిదున్నర. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కళ్ల కింద నీడలు పడతాయి, అప్పుడు తిండి, విశ్రాంతి, లోపలి షాట్లు. తెల్లటి థర్మాకోల్ షీటు ఒకటి ఎండకు ఎదురుగా పట్టుకుంటే మొహం మీద నీడ తగ్గుతుంది. దాని ముందు వేల రూపాయల లైటు అక్కర్లేదు.

పాట ముందే రికార్డు అయి ఉండాలి. మొదట్లో మూడు టకటకలు కలపండి. చిన్న స్పీకరులో పాట మోగుతుంటే, ఆ టకటకలు ఫోన్లో కూడా రికార్డు అవుతాయి. ఎడిటింగులో బొమ్మనూ పాటనూ కలపడానికి అదే గుర్తు. పాడేవాళ్లను పెదవులు మాత్రం కదపమనకండి, గొంతెత్తి పాడమనండి. నిజంగా పాడే మనిషి మెడ నరాలు, ఊపిరి వేరుగా ఉంటాయి. ముందు పాట మొత్తం ఒకేచోట ఆపకుండా ఒకసారి తీసేయండి. తర్వాత వర్షమొచ్చినా, ఎవరికైనా ఇంటి నుంచి కబురొచ్చినా, మీ దగ్గర ఒక పాట ఉంటుంది.

నెమ్మదిగా కదిలే బొమ్మ కావాలంటే పాటను రెట్టింపు వేగంతో మోగించి, సెకనుకు 50 ఫ్రేములతో తీసి, 25గా నడపండి. పెదవులు పాటతో కలుస్తాయి, కొంగు మాత్రం గాలిలో నెమ్మదిగా ఊగుతుంది. ల్యాబులో ట్యూబ్‌లైట్ల కింద తీస్తే బొమ్మ మిణుకుమంటుంది. మన కరెంటు 50 సైకిళ్లది కాబట్టి షట్టరు 50లో ఒక వంతు గాని, 100లో ఒక వంతు గాని పెట్టుకుంటే ఆ మిణుకు పోతుంది. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. షాట్ మధ్యలో ఎవరి అత్తయ్యో ఫోన్ చేస్తే పని పోతుంది. ఏ రోజు తీసింది ఆ రోజు సాయంత్రమే రెండుచోట్ల కాపీ చేసి, రెండూ ఇద్దరి దగ్గర పెట్టండి. బస్సులో, కాలేజీలో తీయడానికి ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. తీసుకున్న కాగితం జేబులో ఉంచుకోండి.

మొహం మీద హక్కు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. అనుమతి తీసుకుని, కండక్టరుకు చెప్పి, బస్సు ఎక్కిన ఆడవాళ్లకు “ఇట్లా ఒక పాట తీస్తున్నాం” అని చెప్పాకే పిల్లలు తీశారు. ఒకామె కిటికీ పక్కన కూర్చుని, చేతిలో జీరో టికెట్ మడతపెడుతూ బయటికి చూస్తోంది. సాయంత్రం ఎండ మొహం మీద పడుతోంది. ఆ రెండు రోజుల్లో అంత బాగా వచ్చిన షాట్ లేదు. దిగేముందు ఆమె వెనక్కి వచ్చింది. “బిడ్డా, అప్పుడు సరే అన్న గని, నేను ఇట్ల తిరుగుతున్ననని ఇంట్ల తెల్వదు. నా మొకం రావద్దు” అంది.

ఆమె ఎక్కడికి వెళ్తోందో మేం అడగలేదు. పుట్టింటికే కావచ్చు, ఆస్పత్రికే కావచ్చు, ఒక పూట ఊరికే బయటికే కావచ్చు. ఉచిత టికెట్ ఎంతోమంది ఆడవాళ్లకు మొదటిసారి ఎవరినీ డబ్బు అడగకుండా గడప దాటే వీలిచ్చింది. మన కెమెరా ఆ చిన్న స్వేచ్ఛను ఇంటికి మోసుకెళ్లి అప్పగించగలదు. పిల్లలు ఆమె ముందే ఆ షాట్ తీసేసి, ఫోన్లో తొలగించినవి దాచే చోట నుంచి కూడా తీసేసి, ఆమెకు చూపించారు. మర్నాడు అదే కిటికీ దగ్గర ఒక అమ్మాయి చేతులు, టికెట్ మడత మాత్రం తీశారు. పాటలో ఉన్నది ఆ చేతులే. బొమ్మ బలం తగ్గిందా అంటే కొంత తగ్గింది. ఆ తగ్గుదలను మనం భరించాలి. ఆడవాళ్ల హక్కుల మీద తీసే పాట ఒక ఆడమనిషికి దెబ్బలు తెచ్చిపెడితే ఆ పాట ఎందుకు?

అందుకే అనుమతి అంటే ఒక్కసారి తల ఊపడం అనుకోకండి. తెలుగులో ఒక పేజీ కాగితం తయారుచేసుకోండి. పాట దేని గురించి, ఎవరు తీస్తున్నారు, ఎవరి ఫోన్లో ఉంటుంది. కాలేజీలో చూపించడానికి, సభల్లో చూపించడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి మూడు వేర్వేరు గడులు. కాలేజీకి సరే అన్న అమ్మాయి ఇంటర్నెట్‌కు వద్దనవచ్చు. ఫలానా తేదీ దాకా మనసు మార్చుకోవచ్చని రాయండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. పద్దెనిమిదేళ్లు నిండని ఇంటర్ పిల్లలుంటే ఇంట్లోవాళ్ల సంతకం కూడా కావాలి. ఇంట్లోవాళ్లు సరే అన్నా పిల్ల వద్దంటే వద్దు.

అమ్మాయిల భద్రత

కేరళలో సినిమా రంగంలోని స్త్రీల పరిస్థితి మీద 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. కొన్ని భాగాలు మినహాయించి అది బయటికొచ్చింది 2024 ఆగస్టులో. లైంగిక వేధింపులతో పాటు అందులో ఉన్న ఇంకో మాట, సెట్ల మీద మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే చోటు కూడా సరిగా ఉండవని. కోట్ల పరిశ్రమ అది. మనం 9,000 రూపాయల వాళ్లం. కానీ షూటింగు చోటు ఎంచుకునేటప్పుడు “ఇక్కడ మరుగుదొడ్డి ఎక్కడ” అని మొదట అడగడానికి డబ్బు అక్కర్లేదు. మా పిల్లలు చెరువుగట్టు బాగుందనుకున్నారు. దగ్గర్లో ఏ ఇల్లూ లేదని వదిలేసి, పెద్దమ్మ ఇంటి వెనక పొలం ఎంచుకున్నారు.

బట్టలు మార్చుకునే గదిలోకి ఫోన్లు వెళ్లకూడదు. చాటుగా ఉన్న ఆడమనిషిని ఆమెకు తెలియకుండా తీయడం, పంచడం నేరం. 2013లో ఆ సెక్షను శిక్షాస్మృతిలో చేరింది, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షను. కాలేజీ తరఫున చేసే పని అయితే, కాలేజీ గోడ బయట జరిగినా వేధింపుల మీద 2015 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీ అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. కమిటీలో ఎవరున్నారో షూటింగుకు ముందే తెలుసుకుని ఉంచండి. చీకటి పడేలోగా అందరూ ఇల్లు చేరే పట్టిక వేయండి. చివరి బస్సు గురించి పాట తీస్తూ చివరి బస్సు పోగొట్టుకోవడం బాగుండదు కదా.

ఎవరికి ముందు చూపాలి

పూర్తయిన పాటను ముందు ఎవరు చూడాలన్న దాని మీద కూడా ఆలోచించండి. మా పిల్లలు ముందు పెద్దమ్మ ఇంటి గోడ మీద, తెల్లగుడ్డ కట్టి, పాటలో కనిపించేవాళ్లకు చూపించారు. ఒక అమ్మాయి తన మొహం దగ్గరగా కనిపించే ఒక షాట్ మార్చమంది. మార్చారు. తర్వాత కాలేజీలో. అన్నిటికన్నా చివర ఇంటర్నెట్‌లో, అదీ వ్యాఖ్యలు రాసే వీలు మూసేసి. అమ్మాయి పాడితే ఆమె రంగు మీద, కులం మీద, నడక మీద రాసేవాళ్లకు మనం గోడ ఎందుకు ఇవ్వాలి? మాట్లాడాలనుకునేవాళ్లు సభకు వచ్చి మాట్లాడతారు.

ప్రాక్టికల్స్ వేళ ముందుకు జరపమని పాటతో పాటు అర్జీ కూడా ఇచ్చారు. రెండు బ్రాంచీలకు మార్చారు. మిగతా బ్రాంచీల సంగతి ఇంకా తేలలేదు. ఆ అమ్మాయిలు ఇంకా పావుగంట ముందే సంచీ సర్దుకుంటున్నారు. పాట ఒక్కటే అన్నీ మార్చేస్తుందని నేను చెప్పను. అర్జీ వెనక పాట ఉంటే అర్జీని చదివేవాళ్లు పెరుగుతారు, పాట వెనక అర్జీ ఉంటే పాట విని చప్పట్లు కొట్టి వెళ్లిపోయేవాళ్లు తగ్గుతారు. రెండూ కలిపి చేయండి.

మధ్యాహ్నం మీరు గుంపులుగా కూర్చుని మీ పాటలకు లెక్కలు వేస్తారని చెప్పారు. ఆ కాగితాల్లో సున్న కనిపించిన ప్రతిచోటా ఆగి, ఆ సున్న వెనక ఎవరి చేతులున్నాయో పేరు రాయండి. తర్వాత దాని గురించి కలిసి మాట్లాడుకుందాం.